రకం తేలని పేర్లు

విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ పూనికతో లేపాక్షి వీరభద్రాలయం రూపుదిద్దుకొన్నదని ప్రతీతి. ఆ ఆవరణలోని కల్యాణమంటపం మాత్రం అసంపూర్తిగా మిగిలిపోయింది. పార్వతీపరమేశ్వరుల పెండ్లికి తరలివచ్చిన దేవతలు స్తంభాల మీద కొలువుదీరి ఉన్నా, పైన కప్పు పడలేదు. కప్పుతో నిమిత్తం లేని చెక్కడం జరిగింది, దానితో ముడిపడినది ఆగిపోయింది. సీ ప్లస్ ప్లస్ భాషలో టెంప్లేట్లు రాసేవారిని వేధించే ఒక చిక్కుకు మూలం ఇటువంటి విభజనే.

టెంప్లేట్ అంటే దత్తాంశ రకాన్ని ఖాళీగా వదిలి రాసిన నమూనా. ఆ ఖాళీకి వాడుకగా ‘టీ’ అని పేరు పెడతారు. టీ ఏదో తెలిస్తే తప్ప అర్థం తేలని పేరును ఆధారిత నామం, అనగా డిపెండెంట్ నేమ్, అంటారు. 1998 నాటి ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం కంపైలర్ టెంప్లేటును రెండు దశల్లో పరిశీలిస్తుంది: టీతో సంబంధం లేని పేర్లను రాసిన చోటనే తేల్చుకొని, ఆధారిత నామాలను అసలు రకం వచ్చి చేరేదాకా వాయిదా వేస్తుంది.

అయితే అర్థాన్ని వాయిదా వేసినా వాక్యనిర్మాణాన్ని అప్పటికప్పుడు చదవక తప్పదు. ‘టీ::ఇటరేటర్ * పీ’ అన్న పంక్తిలో ఇటరేటర్ రకమైతే నక్షత్రపు గుర్తు పీ అనే పాయింటరును ప్రకటిస్తుంది, విలువైతే అదే గుర్తు గుణకారమవుతుంది. టీ తెలియకుండా ఈ రెంటిలో ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు కనుక, ముందు ‘టైప్‌నేమ్’ అన్న మాట లేకపోతే అది రకం కాదని భావించాలన్నది ప్రమాణం పెట్టిన నియమం. ‘ఇక్కడ టైప్‌నేమ్ కావాలి’ అనే దోషసందేశం ఈ నియమం నుంచే పుడుతుంది. ఆధారిత వస్తువులోని టెంప్లేటును పిలిచేటప్పుడు, కోణపు బ్రాకెట్టును ‘కంటే తక్కువ’ అన్న గుర్తుగా చదవకుండా పేరుకు ముందు ‘టెంప్లేట్’ అని చేర్చడమూ ఈ కోవలోదే. మూల తరగతి టీ మీద ఆధారపడినప్పుడు మొదటి దశలో కంపైలర్ దానిలోకి చూడదు. అందువల్ల అక్కడి నుంచి సంక్రమించిన సభ్యుల పేర్లకు ముందు ‘దిస్’ చేర్చి, వాటిని కూడా ఆధారిత నామాలుగా మార్చవలసి ఉంటుంది.

నియమం పాతదైనా దాని అమలు నిదానంగా సాగింది. జీసీసీ 2004లో 3.4 సంచికతో కొత్త పార్సరును తెచ్చి ఈ విషయంలో కట్టుదిట్టం చేయగా, అంతకుముందు సాఫీగా సాగిన ఎన్నో ప్రోగ్రాములు దోషాలతో ఆగాయి. మైక్రోసాఫ్ట్ కంపైలరులో రెండు దశల పరిశీలన 2017 విడుదలలలో గాని మొదలు కాలేదు. రకం తప్ప మరేదీ రావడానికి వీలులేని పలుచోట్ల టైప్‌నేమ్ అవసరాన్ని 2020 ప్రమాణం తొలగించింది.

టైప్‌నేమ్ అన్నది కంపైలరుకు ఇచ్చే హామీ. రెండవ దశలో ఆ పేరు విలువని తేలితే దోషం తప్పదు. కాబట్టి సందేశం మాయమయ్యేవరకు ఆ మాటను ఎక్కడపడితే అక్కడ చల్లడం పరిష్కారం కాదు, దోషాన్ని టెంప్లేటు వాడుకొనేవారి నెత్తిన పెట్టడమే. పేరు టీ మీద ఆధారపడి ఉన్నదా, ఉంటే అది రకమా, విలువా, టెంప్లేటా అని రాసేవారు ముందే నిర్ణయించుకొంటే, ఏ మాట చేర్చాలో దానంతట అదే తేలుతుంది.