రహీం తరువాత ఎవరు?

మా కళాశాలలో ఫుట్‌బాల్ ఆడే విద్యార్థి ఒకడు 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం చూసివచ్చి నన్నడిగాడు: “సార్, రహీం సాబ్ తరువాత మన జట్టుకు అలాంటి కోచ్ మళ్ళీ ఎందుకు రాలేదు?”

“మహానుభావులు ఊరికే పుట్టరయ్యా” అని తప్పించుకున్నాను. తరగతిలో వ్యక్తిపూజను ఖండించే నేను, ఆట మాట వచ్చేసరికి అవతారపురుషుడి కోసం ఎదురుచూడమన్నానన్నమాట!

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్ళలో చాలామంది కాళ్ళకు బూట్లయినా లేవు. అదే గురువు చేతిమీదుగా 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చాయి. 1963 జూన్‌లో ఆయన క్యాన్సరుతో మరణించాడు.

తరువాత ఎందరో వచ్చారు. విదేశీయులను తేవడమే మన పతనానికి కారణమని కొందరంటారు. కాని 1964 ఆసియా కప్పులో మనం రెండోస్థానం సాధించింది ఆంగ్లేయుడు హ్యారీ రైట్ శిక్షణలోనే. వ్యవధి చాలలేదంటారు మరికొందరు. 2019లో వచ్చిన క్రొయేషియావాసి స్టిమాచ్‌కు అయిదేళ్ళు దొరికాయి. ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో జట్టు నిలవలేకపోగా 2024లో ఆయన్ను తొలగించారు. మార్కెజ్ ఏడాదికే వెళ్ళిపోయాడు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. రాజు మారితే రాజ్యం బాగుపడుతుందన్న పాత భ్రమ కాక ఇదంతా మరేమిటి?

రహీం పైనుంచి దిగివచ్చినవాడు కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు. సికిందరాబాదు పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాంలోని ఆటను గుర్తించి పెంచినవాడు. వీధికీ జాతీయ జట్టుకూ నడుమ ఆయన ఒక దారి. ఆయనతోపాటు ఆ దారీ మూసుకుపోయింది. మనం వారసుడిని వెతికాము గాని దారిని బాగుచేయలేదు.

ఈ మాట ఎవరినో నిందించడానికి రాయడం లేదు. మా కళాశాల ఆటస్థలంలో సగం ఇప్పుడు వాహనాలు నిలిపే చోటు. అందుకు సరేనని సంతకాలు చేసిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకడిని. “పిల్లలు ఎక్కడైనా ఆడుకుంటారులే” అనుకున్నాను.

ఆ విద్యార్థికి నేను బాకీపడ్డ జవాబు ఇంకా ఇవ్వలేదు. వచ్చే సమావేశంలో ఆ స్థలం తిరిగి ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాను. అది నెగ్గకపోవచ్చు. కాని నా సంతకం మీద నేనే అభ్యంతరం చెప్పకుండా ఇకముందు రహీం పేరు ఎత్తే అర్హత నాకు లేదు.