జ్యేష్ఠ చుట్టూ రంగులు

మా మేడ మీద కట్టుకున్న చిన్న అబ్జర్వేటరీ నుంచి తీసిన వృశ్చిక రాశి ఫొటో ఇది. పసుపు మబ్బు నడుమ మెరుస్తున్నది జ్యేష్ఠా నక్షత్రం. తాను వెదజల్లిన ధూళి మీద తన వెలుగే పడి ఆ పసుపు. పైన నీలం రో ఓఫియూకీ అనే తార చుట్టూ ఉన్న ధూళిది. వేడి తారల కాంతిలో నీలాన్నే అది ఎక్కువగా చెదరగొడుతుంది. ఎరుపు హైడ్రోజన్‌ది.

పక్కన ముగ్గుపిండి చల్లినట్టున్న తారల గుంపు ఎం4. జ్యేష్ఠను ఆనుకున్నట్టే ఉంది కదా! జ్యేష్ఠ దాదాపు 550 కాంతి సంవత్సరాల దూరం, ఇదేమో సుమారు 6,000. అందులోని తారల వయసు దాదాపు 1,200 కోట్ల ఏళ్లు. రో ఓఫియూకీ మబ్బుల్లో మాత్రం నక్షత్రాలు ఇంకా పుడుతూనే ఉన్నాయి. ఆ రెండూ ఒకే ఫ్రేములో పట్టాయంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కంటికి ఈ రంగులు ఆనవు. మూడేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు రాత్రంతా తీసి, కలిపితేనే బయటపడతాయి. జ్యేష్ఠను చూసే విషయంలో మనం అదృష్టవంతులం: లండన్‌లో జ్యేష్ఠ దిగంతం నుంచి 12 డిగ్రీలే లేస్తుంది, హైదరాబాద్‌లో 46 దాకా. వేసవిలో ఊరెళ్తే, వెన్నెల లేని రాత్రి పిల్లల్ని మేడెక్కించి దక్షిణం వైపు చూపించండి.