సొంతంలోనా?

కోవిల్‌పట్టి వైపు మా తెలుగిళ్ళలో "సొంతం" అంటే చుట్టరికం. తమిళం నుంచి వచ్చిన అర్థం, ఇంట్లో మేమూ అలాగే వాడతాం. మా అక్కను అమ్మ తమ్ముడికే ఇచ్చారు. అంటే మా అవ్వే అక్కకు అత్త కూడా. స్కాన్ గదిలో డాక్టరమ్మ మొదట అడిగింది అదే, "సొంతంలోనే చేసుకున్నారా?" అని.

అక్కకప్పుడు ఐదో నెల. 18 నుంచి 20 వారాల్లో తీసే ఆ స్కాన్‌లో బిడ్డ తల, గుండె, వెన్ను, కిడ్నీలు ఒక్కొక్కటీ చూస్తారు. అక్క బిడ్డకి రెండు కిడ్నీలూ నీటి బుడగలతో ఉబ్బిపోయాయి. తల వెనక ఎముక సందులోంచి మెదడు బయటికొచ్చింది. చేతికి ఆరో వేలు. మెకెల్-గ్రూబర్ సిండ్రోమ్ అన్నారు. 1822లోనే మెకెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రాసిపెట్టిన జబ్బు. బిడ్డ పుట్టినా బతకదు.

ఆరో వేలు అనగానే అవ్వ, "మా చెల్లెలి బిడ్డకీ ఆరు వేళ్ళే, పుట్టిన రోజే పోయింది" అంది. అప్పుడు దిష్టి అన్నారంట. ఆమెదీ సొంతంలో పెళ్ళే.

అమ్మలో ఒకటి, నాన్నలో ఒకటి చెడిన జన్యువు దాగి ఉంటుంది. వాళ్ళకేం కాదు. రెండూ బిడ్డకి చేరితేనే జబ్బు, అది నాలుగింట ఒక వంతు. బయటివాళ్ళలో అలాంటి ఇద్దరు కలవడం అరుదు. మేనమామా మేనకోడలూ ఒకే ఇంటి రక్తం కదా! "ఒకటి పోయింది, ఇక మూడూ బాగుంటాయి" అని అవ్వ లెక్క. "తాయం ఆటలో పాచికకి ముందు పడ్డది గుర్తుంటుందా అవ్వా?" అన్నాను. ప్రతి కాన్పుకీ అదే నాలుగో వంతు.

అంత బాధలోనూ మా వాళ్ళలో ఒకరు "మగబిడ్డా?" అని అడిగారు. డాక్టరమ్మ గోడ మీది బోర్డు చూపించింది. 1994 చట్టం ప్రకారం అది చెప్పకూడదు. ఇంటికొచ్చాక పెద్దలు రెండు రాత్రులు మాట్లాడుకున్నారు, అక్కని తప్ప అందరినీ అడిగారు. గర్భం తీయించుకోవడానికి చట్టం అడిగేది ఆడదాని సంతకం ఒక్కటే. మూడో రోజు అక్కే వెళ్ళి పెట్టింది. బిడ్డ నుంచి తీసిన శాంపిల్‌లో ఏ జన్యువో తర్వాత తేలింది.

మనలో ఎంతమందికి మేనమామలు, బావలు ఎదురుచూస్తున్నారో! నాకూ ఉన్నాడు, పెద్దమామ కొడుకు. మంచివాడే. పొంగలికి అవ్వ ఆ మాట ఎత్తింది. అక్క వంటింట్లోంచి వచ్చి, "ముందు ఇద్దరికీ ఆ రక్తపరీక్ష చేయించండి" అంది. అవ్వ మారు మాట్లాడలేదు. అమ్మ మాత్రం రిపోర్టు ఫైలు ఎక్కడ పెట్టారని మామని అడిగింది.