నీలం ఆకుల హోస్టా మన పెరట్లో పెరగదండీ



ఈ పది రోజుల్లో ముగ్గురు నాకు ఒకే ఫోటో పంపారు. కుండీలో గుబురుగా ఒక మొక్క. ఆకు తమలపాకుకి మూడింతలుంది, రంగు నెమలి కంఠం రంగు. కింద "హోస్టా విత్తనాలు, 100 గింజలు 249 రూపాయలు, నీడలో పెరుగుతుంది" అని రాశారు. "మీరు అమెరికాలో చూసొచ్చారు కదా, మన కొబ్బరి చెట్ల కింద వేద్దామా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడే రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు జవాబు చెప్పేస్తాను. కొనకండి. మా వీధిలో ఒకావిడ కొన్నారు. భర్త పోయాక ఆవిడకి కాలక్షేపం అంటే ఆ నాలుగు కుండీలే. రోజూ పొద్దున్నే నీళ్ళు చిలకరించి, నలభై రోజులు చూసుకున్నారు. చివరికి మొలిచింది గట్టు మీద మొలిచే చిలకతోటకూర. 249 పోతే పోయాయి, ఆ నలభై రోజుల ఆశ ఎవరు తిరిగిస్తారండీ?

ఇప్పుడు ఎందుకు కొనొద్దో చెబుతాను.

క్రిందటేడు మార్చిలో నేనూ, మా ఆవిడా న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. మనవడు పుట్టాడు. ఆరు నెలలు ఉన్నాం. వాళ్ళ ఇంటి వెనక పెద్ద మేపుల్ చెట్టుంది. మేం దిగినప్పుడు దానికి ఒక్క ఆకు లేదు. కింద నేలంతా చెక్కముక్కలు పరిచి ఉన్నాయి, ఓ మూల ఇంకా మంచు కరగలేదు. "ఇక్కడ ఏం పెరుగుతుందమ్మా?" అన్నాను. "ఆగు నాన్నా, ఏప్రిల్ రానీ" అంది.

నిజంగానే ఏప్రిల్ వచ్చేసరికి ఆ నేల లేచింది. ముందు క్రోకస్ అని జానెడైనా లేని ఊదా పూలు. తర్వాత డాఫోడిల్స్, పసుపుపచ్చగా. వాటి వెనక టులిప్స్. ఇవన్నీ దుంపలే, ఉల్లిపాయలాగా ఉంటాయి. అక్కడ వాటిని చలికాలం ముందు, అక్టోబరు నవంబరుల్లో పాతుతారు. చెట్టు ఆకు తొడిగేలోపే ఎండ తాగి, పూసి, ఆకుల తిండంతా దుంపలో దాచేసుకుని వెళ్ళిపోతాయి. డాఫోడిల్ పూలయ్యాక ఆకు ఎండి పడిపోయేదాకా కొయ్యకూడదట. కోస్తే మరుసటేడు పూలుండవు. మనం పసుపు ఆకు పూర్తిగా ఎండకుండా తవ్వం కదా, అదే లెక్క.

వీటి మధ్య సందుల్లోంచి ఏప్రిల్ చివర్లో హోస్టా లేచింది. అరటికి సూది పిలక ఎలా వస్తుంది? అలాగే, బొటనవేలంత లావు మొలకలు, ఊదా రంగులో, చుట్టచుట్టుకుని. మే సగానికి విప్పుకున్నాయి. అప్పటికి మేపుల్ నిండా ఆకే, కింద చిక్కటి నీడ. ఎండిపోతున్న డాఫోడిల్ ఆకుల్ని హోస్టా ఆకులు కప్పేశాయి. ఒకే మడి, ఒకదాని తర్వాత ఒకటి. మనం కొబ్బరి కింద కంద, పసుపు, కోకో వేసినట్టే, అక్కడ పెరట్లో అంతరపంట వేస్తున్నారు. అది చూశాక నాకు ఆ నేల కొత్తగా అనిపించలేదు.

ఈ హోస్టా అమెరికాది కూడా కాదు. దాని పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా వైపు. 1812లో ఆస్ట్రియాకి చెందిన హోస్ట్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు దీనికి పెట్టారు. తర్వాత సీబోల్డ్ అనే వైద్యుడు జపాన్ నుంచి చాలా రకాల మొక్కలతో పాటు దీన్నీ యూరప్ చేర్చాడు. ఇప్పుడు అమెరికాలో దీనికి ఒక సంఘమే ఉంది, 1968లో పెట్టారు. వేల రకాలున్నాయి. అరచేతిలో పట్టే "బ్లూ మౌస్ ఇయర్స్" నుంచి, మంచమంత జాగా ఆక్రమించే "సమ్ అండ్ సబ్‌స్టెన్స్" దాకా. జపాన్‌లో లేత మొలకల్ని కూరగా తింటారట. అది వినగానే మా ఆవిడ "పప్పులో వేసి చూద్దామా" అంది. అమ్మాయి ఒప్పుకోలేదు లెండి.

ఇక కారణాలు.

మొదటిది, నిద్ర. హోస్టాకి ప్రతి ఏడూ చలి నిద్ర కావాలి. నాలుగైదు డిగ్రీల లోపు చలి కనీసం నెలా నెలన్నర తగలాలి. న్యూజెర్సీలో నేల పైపొర గడ్డకడుతుంది. ఆకంతా కుళ్ళిపోయి, దుంప లోపల పడుకుంటుంది. మన కోనసీమలో సంక్రాంతి చలికి కూడా పదిహేను డిగ్రీల కిందకి దిగడం అరుదు. నిద్ర దొరకని హోస్టా మరుసటేడు చిన్నగా లేస్తుంది, ఆ పైఏడు ఇంకా చిన్నగా, ఆ తర్వాత లేవదు. అక్కడ వెచ్చటి రాష్ట్రాల్లో కొందరు దుంపని పీకి ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చుతారట. ఏటా ఫ్రిజ్‌లో పడుకునే మొక్కని మనం సాకగలమా? పెరుగు గిన్నెకే చోటుండదు.

రెండోది, విత్తనం. నీలం, చారల ఆకుల హోస్టాలు విత్తనంతో తల్లిలాగా రావు. నిజమైన గింజ మొలిచినా చాలావరకు మామూలు ఆకుపచ్చే వస్తుంది. వాటిని పిలకలు చీల్చి పెంచుతారు, లేదా టిష్యూకల్చర్‌తో చేస్తారు. కాబట్టి "నీలం హోస్టా గింజలు" అన్న మాటలోనే తిరకాసుంది.

మూడోది, ఆ నీలం. అది ఆకు రంగు కాదు. ద్రాక్షపండు మీద బూడిదలాంటి పూత ఉంటుంది చూశారా, అలాంటి మైనం పూత. నేను వేలితో రుద్ది చూశాను, కింద ఆకుపచ్చే. వేసవి ఎండలు ముదిరేసరికి అక్కడే ఆ నీలం చాలావరకు పోయింది. మన రోహిణి కార్తె ఎండ సంగతి చెప్పాలా!

అక్కడ కూడా అది తేలిగ్గా పెరగడం లేదండోయ్. మే మొదట్లో ఒక రాత్రి మంచు పడుతుందని ఫోనులో వస్తే, మా అమ్మాయి పాత దుప్పట్లు తెచ్చి లేత ఆకుల మీద కప్పింది. వానలకి నత్తలొచ్చాయి, గుల్ల లేని రకం, ఆకుల్ని జల్లెడ చేసేశాయి. పక్కింటి పెద్దావిడ చిన్న గిన్నెలో బీరు పోసి నేల మట్టానికి పాతిపెట్టింది. తెల్లారేసరికి అందులో నత్తలు తేలుతున్నాయి. వీటన్నిటికంటే పెద్ద బెడద జింకలు. హోస్టా అంటే వాటికి ప్రాణం. రాత్రికి రాత్రి ఆకులు మేసేసి కాడలు మిగిల్చాయి. డాఫోడిల్ మాత్రం విషం కాబట్టి ముట్టవు. జింకలకి కొట్టే మందు తెచ్చి సీసా మీద చదివితే, అందులో ఉన్నది కుళ్ళిన కోడిగుడ్డు. మన దగ్గర అడవిపందులకి కొందరు చేసే వైద్యమే. వాన పడితే మళ్ళీ కొట్టాలి, అక్కడైనా ఇక్కడైనా.

ఆ మడిలో సగం మొక్కలు పక్కింటి పెద్దావిడ ఇచ్చినవే. మొలకలు రెండంగుళాలున్నప్పుడు పార తెచ్చి, గుబురుని నిలువునా చీల్చి ఇచ్చింది. అలా చీల్చితే తల్లికేమీ కాదట. మా అమ్మాయి ఆ ఊళ్ళో అడుగుపెట్టి పన్నెండేళ్ళు. అక్కడ దానికి బంధువులు లేరు. కాన్పు రోజున మేం ఇంకా విమానంలోనే ఉన్నాం, తోడు వెళ్ళింది ఆ పెద్దావిడే. ఈ సంగతి మాకు అమ్మాయి చెప్పలేదు, అల్లుడుగారు తర్వాత ఎప్పుడో చెప్పారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా ఆవిడకి మనసు మనసులో లేదు.

ఇంతకీ మన నీడలో ఏం వెయ్యాలి? మన మొక్కలకీ నిద్రుందండీ. అక్కడివి చలికి పడుకుంటే మనవి కరువుకి పడుకుంటాయి. కంద, పసుపు, మే పువ్వు, అన్నీ చలికాలం, ఎండాకాలం మట్టిలో ముడుచుకుని ఉండి, తడి తగలగానే లేచేవే. మే పువ్వు దుంప తెచ్చుకోండి, ఎర్రబంతి లాంటి పువ్వు ఏటా అదే వేళకి లేస్తుంది. వెడల్పాటి ఆకు కావాలంటే చేమ ఉంది, రంగులు కావాలంటే కెలాడియం ఉంది, అది వేడి దేశాల మొక్క. గొడుగులాంటి ఆకు చూడాలంటే కందని మించింది లేదు. మన కొవ్వూరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన గజేంద్ర రకం దొరికితే మరీ మంచిది, దురద తక్కువ. అరకేజీ పైన ముక్కకి కొంత మొలక భాగం ఉండేలా కోసి, పేడనీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి పాతండి. పైన ఆకులు, కొబ్బరి పొట్టు కప్పండి. కాడ పసుపెక్కి పడిపోయిందంటే దుంప తయారైనట్టు. చూడ్డానికి అందం, కార్తీకం దాటాక కంద బచ్చలి. హోస్టా ఇవ్వగలదా?

మా వీధి ఆవిడకి నేను రెండు మే పువ్వు దుంపలు, ఒక కంద ముక్క ఇచ్చాను. కుండీల్లో పెట్టుకున్నారు.

ఇంకొక్క మాట. అమ్మాయి మమ్మల్ని అక్కడే ఉండిపొమ్మంటోంది. గ్రీన్‌కార్డు కాగితాలు పంపింది. తెలిసిన ఒకాయనతో "ఇక్కడి దుంప అక్కడ బతకదండీ" అన్నాను, పెద్ద తెలివిగా. వెనకనుంచి మా ఆవిడ అందుకుంది: "మీ కూతురు బతకట్లేదా? ముంజలు తిని పెరిగిన పిల్ల, మంచులో పార పట్టుకుని దారి చేసుకుంటోంది." నా దగ్గర జవాబు లేదు. మొక్క సంగతి మొక్కదే, మనిషి సంగతి వేరు. మనిషికి నిద్ర పట్టే చోటు ఒక్కటే ఉండదేమో. ఆవిడకి మనవడి పక్కన పడుతుంది. నాకు ఈ ఎకరంపావు కొబ్బరి తోటలో పడుతుంది.

కాగితాలు బీరువాలో ఉన్నాయి. సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. నిన్న అమ్మాయి వీడియోలో చూపించింది, హోస్టా మొలకలు మళ్ళీ లేచాయట, వాటి పక్కన మనవడు బోర్లా పడి మట్టి తీస్తున్నాడు. మా ఆవిడ ఆ వీడియో ఇప్పటికి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. మేం ఈ వారం కంద పాతుతున్నాం. తవ్వేది సంక్రాంతి ముందు. అప్పటిదాకా నేనైతే ఇక్కడే ఉంటాను. ఆవిడ సంగతి ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి.

కంద ముక్కలు కావాల్సిన వాళ్ళు అడగండి, మా దగ్గర మిగిలినవి ఉన్నాయి. డబ్బులేం వద్దు.

ఉంటానండీ.