సగం అత్తింటిది

తార్నాక నించి మాణికేశ్వర్ నగర్ ఎంతో దూరం లేదు. మధ్యలో ఉస్మానియా యూనివర్సిటీ చెట్లు, అంతే. కానీ కడుపు పోయిన పిల్లకి చెప్పే కారణాల్లో మాత్రం రెంటికీ హస్తిమశకాంతరం.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మాణికేశ్వర్ నగర్ నించి వస్తుంది. రెండోసారి కూడా మూడో నెలలోనే పోయింది. "గ్రహణం నాడు బయట తిరిగినవ్, గందుకే నిలవలే" అందిట అత్తగారు. మా వీధిలో ప్రొఫెసరుగారి కోడలికీ రెండుసార్లు అలాగే అయింది. ఎక్కడో బోలెడు డబ్బు పోసి రక్తపరీక్షలు చేయిస్తే, "నీ ఒంట్లో కిల్లర్ కణాలు ఎక్కువ, అవే బిడ్డని నిలవనివ్వడం లేదు" అన్నారట. ఒకరికి చదువు లేదు, ఒకరు ఎమ్మెస్సీ. ఇద్దరూ నన్నడిగింది ఒకే మాట: "నేనేం చేశానని?"

నేను ఆర్ట్సు చదివినదాన్ని. అయినా మనసూరుకోక నాలుగు పుస్తకాలు తిరగేశాను, తెలిసిన డాక్టరమ్మని పట్టుకుని అడిగాను.

నవలలు రాసేవాళ్లం కారణం లేకుండా ఆకు కూడా రాలనివ్వం. ప్రకృతికి ఆ పట్టింపు లేదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం, పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయట. అందులో గ్రహణం పాపం లేదు, మెట్లెక్కిన పాపమూ లేదు.

మరి ఈ కిల్లర్ కణాల గొడవేమిటి? కడుపులో బిడ్డ సగం మనది, సగం అత్తింటిది. పరాయి కణం కనబడితే తరిమికొట్టడమే ఒంట్లోని కాపలాదార్ల పని. అలాంటిది సగం పరాయి బిడ్డని తొమ్మిది నెలలు ఎలా ఉండనిస్తున్నారు? 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వేసిన ప్రశ్న ఇది. తర్వాత తెలిసిందేమిటంటే, గర్భసంచిలోని నేచురల్ కిల్లర్ కణాలు పేరుకే హంతకులు. మాయకి రక్తం బాగా అందేలా రక్తనాళాల్ని వెడల్పు చేయడంలో సాయపడతాయి. చేతి నరంలోంచి తీసిన రక్తంలో వాటిని లెక్కపెడితే గర్భసంచిలో సంగతి తెలియదు. భర్త తెల్లరక్తకణాలు భార్యకి ఎక్కించి, అత్తింటి సగాన్ని ముందే అలవాటు చేసే వైద్యం కూడా నడిచింది. 1999లో వెలువడిన అమెరికా, కెనడాల పరిశోధనలో దానివల్ల లాభం లేదని తేలింది.

అలాగని పరీక్షలన్నీ దండగ కాదండోయ్! యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలని ఉన్నాయి. రక్తం గడ్డకట్టేలా చేస్తాయి, మాయ పనిని చెడగొడతాయి. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ ఈ జబ్బు తీరుని వివరించాడు. రెండు మూడుసార్లు కడుపు పోయినవాళ్లు డాక్టరుని అడిగి ఈ పరీక్ష చేయించుకోవాలి. ఉన్నాయని వస్తే, కనీసం 12 వారాలాగి మళ్లీ చేయించాలి. రెండోసారీ అదే వస్తే, డాక్టరు పర్యవేక్షణలో చిన్న మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు వాడతారు. వాటితో చాలామందికి బిడ్డ దక్కుతుంది.

ఇద్దరికీ ఇదే చెప్పాను. ప్రొఫెసరుగారి కోడలు ఆ పరీక్ష పేరు కాగితం మీద రాసుకుంది. మా పనమ్మాయి కొంగుతో కళ్లు తుడుచుకుని, "గీ ముచ్చట మా అత్తకి జెప్పుండ్రి అమ్మా" అంది.

మనందరిళ్లలోనూ చెప్పుకోవలసిన ముచ్చటే. కడుపు పోయిన పిల్లని కారణాలు అడగడం డాక్టరు పని. మిగతావాళ్లం ఇంత వేడన్నం కలిపి పెట్టి, పక్కన కూర్చుంటే చాలు.