పిలవని పేరంటం: ‘హైక్యూ’ నాలుగవ సీజను

కథ పూర్తిగా చదివి మెచ్చుకోవడం తేలిక. నడుమ ఒక ఖండాన్ని మాత్రమే చేతికి తీసికొని, ఇది బాగున్నది, ఇది బాగులేదు అని తీర్పు చెప్పడం కష్టం. ఆ ఖండానికి మొదలు తనది కాదు, తుది తనది కాదు. ధారావాహిక నవలలను వారం వారం పత్రికలలో చదివి వాదులాడుకొన్న పాఠకులకు ఈ చిక్కు అనుభవమే. జపాను ఆనిమేలలో వాలీబాల్ ఆటను గూర్చిన ‘హైక్యూ’ నాలుగవ సీజను విషయంలో మా విద్యార్థులకూ నాకూ కలిగిన అభిప్రాయభేదం ఇట్టిదే.

హైక్యూ అనగా జపాను భాషలో వాలీబాలే. హరుయిచి ఫురుదాతె రచించి చిత్రించిన ఈ కథ 2012 నుండి 2020 వరకు ‘షోనెన్ జంప్’ వారపత్రికలో సాగి, 45 సంపుటాలుగా ముగిసింది. ప్రొడక్షన్ ఐ.జి. అనే సంస్థ 2014లో దీనిని బుల్లితెరకు తెచ్చింది. నాలుగవ సీజను 2020లో రెండు దఫాలుగా వచ్చింది. జనవరి నుండి 13 ఎపిసోడులు, అక్టోబరు నుండి 12. జూలైలో రావలసిన రెండవ దఫా కరోనా మూలంగా వెనుకబడింది. తరువాత 2024లో ఒక చలనచిత్రం వచ్చినది గాని, సీజనులలో ఇదే కడపటిది.

సాయంత్రం వేళ కళాశాల మైదానంలో నెట్టు కట్టి ఆడే విద్యార్థులే నాకు దీనిని పరిచయం చేసినారు. (నెట్టు అని మర్యాదకు అంటున్నాను. కమిటీ పెద్దలు ఒకసారి వచ్చి చూడగలరు.) మూడు సీజనుల దాకా వారికీ నాకూ పేచీ లేదు. నాలుగవదాని దగ్గర వారు పెదవి విరిచినారు. “సార్, బొమ్మలు పాడు చేసినారు. ఒక్క ఆటను మూడు నెలలు సాగదీసినారు. పైగా హీరో చేత బంతులు ఏరించినారు” అన్నాడొక విద్యార్థి.

మొదటి ఆరోపణలో నిజమున్నది. మొదటి మూడు సీజనులకు సుసుము మిత్సునాకా దర్శకుడు. నాలుగవది మసాకో సాతో చేతికి వచ్చింది. దర్శకుడు మారినప్పుడు చూపు మారడం సహజమే. కాని రెండవ దఫాలో కొన్నిచోట్ల ముఖాల పోలికలు చెదిరినాయి. గాలిలోకి లేచిన దేహానికి ఉండవలసిన బరువు లేదు. క్రీడను చిత్రించే కళలో ఇది చిన్న లోపం కాదు. మూడవ సీజను పది ఎపిసోడులలో షిరటోరిజావా జట్టుతో జరిగిన ఒకే ఒక పోటీని చూపి, ఒక్క నిమిషమైనా బిగువు సడలనీయలేదు. ఇక్కడ ఇనారిజాకి జట్టుతో పోటీలో బంతి గాలిలో ఉండగానే ఒక్కొక్కరి బాల్యస్మృతులు అడ్డువచ్చి నిలుస్తాయి. కొన్ని అవసరమైనవే, కొన్ని కావు. ఇంతవరకు విద్యార్థులతో నేను ఏకీభవిస్తాను.

బంతులు ఏరించినారన్న మాట దగ్గరనే నాకు భేదం. నా దృష్టిలో ఈ సీజనుకు ప్రాణం అక్కడే ఉన్నది.

కథానాయకుడు హినాటా 165 సెంటీమీటర్ల ఎత్తు కూడా లేని బాలుడు. ఎగరగలడు, పరుగెత్తగలడు. బంతి సరిగా అందించగల లిఫ్టరు కగెయామా తోడుంటేనే అతడు స్మాషరు. సీజను ఆరంభంలో కగెయామాకు జాతీయ యువశిబిరం నుండి పిలుపు వస్తుంది. మియాగి ప్రాంతపు మొదటి సంవత్సరం ఆటగాళ్ళ శిబిరానికి అదే జట్టులోని త్సుకిషిమాకు పిలుపు వస్తుంది. హినాటాకు ఏదీ రాదు. అతడు ఎవరికీ చెప్పకుండా ఆ రెండవ శిబిరానికి వెళ్ళి నిలబడతాడు. ఆ శిబిరం నడిచేది తమ చేతిలో ఓడిపోయిన షిరటోరిజావా పాఠశాలలోనే! తెలుగులో దీనిని పిలవని పేరంటం అంటాము. ఉర్దూలో బిన్ బులాయా మెహమాన్ అంటారు. ఏ భాషలోనూ ఆ అతిథికి గౌరవం లేదు. అతని ఉపాధ్యాయుడు, శిక్షకుడు ఫోనులోనే గట్టిగా మందలిస్తారు. రచయిత ఆ మందలింపును దాటవేయక చూపినందుకు, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాడిగా నాకు సంతోషం కలిగింది.

అక్కడి వృద్ధ శిక్షకుడు వాషిజో అతనిని వెళ్ళగొట్టడు. ఆడనీయడు కూడా. కగెయామా లేని నీలో నాకు విలువేమీ కనబడదని ముఖం మీదనే చెప్పి, బంతులందించే పనికి నియోగిస్తాడు. వాషిజో యౌవనంలో తానూ పొట్టివాడే, ఎత్తులేక వెనుకబడినవాడే. కనుకనే పొడవూ బలమూ గల ఆటగాళ్ళతో జట్లను నిర్మిస్తూ వచ్చినాడు. తనను తాను ఎదురుగా చూచుకొన్నవాని కాఠిన్యం అది. పాత్రను దుష్టునిగా చేయడం రచయితకు సులువు. అతడు ఆ పని చేయలేదు.

గీత వెలుపల నిలబడిన హినాటా మొదట కుమిలిపోతాడు. తరువాత చూడడం మొదలుపెడతాడు. బంతిని తాకే హక్కు లేనివానికి మిగిలేది చూపు ఒక్కటే కదా! స్మాషరు భుజం ఎటు తిరిగింది, వెనుక వరుసవాడు ఏ క్షణంలో అడుగు కదిపినాడు, బంతి ఎక్కడ పడబోతున్నది - ఇవన్నీ అతనికి అప్పుడు కనబడతాయి. ఆడుతున్నప్పుడు అతడు బంతిని మాత్రమే చూచినాడు. ఏరుతున్నప్పుడు ఆటను చూచినాడు. ఉస్తాదు దుకాణంలో చేరిన షాగిర్దు పనిముట్టు పట్టకముందు ఎన్నో దినాలు సామాను అందిస్తూనే ఉంటాడు. ఆ దినాలు వృథా అయినవని ఆ వృత్తి ఎరిగినవారెవరూ అనరు.

ఈ సీజను పొడుగునా ఇట్లా గీత వెలుపల ఉన్నవారే ముందుకు వస్తారు. ఇనారిజాకి అభిమానుల హోరుకు కరసునో ఆటగాళ్ళ సర్వీసులు తడబడుతుంటే, తనకా అక్క సయెకో తన బృందంతో వచ్చి తైకో డప్పులు మోగించి ఆ లయను విరగగొడుతుంది. కినోషితా అనే బెంచీ ఆటగాడు సర్వీసు చేయడానికి వచ్చి విఫలుడై వెనుదిరుగుతాడు. కాని తేలుతూ వచ్చే సర్వీసును చేతివ్రేళ్ళతో ఎదుర్కోవడానికి జంకే నిషినోయాకు, సాధనలో అటువంటి బంతులు వేసి తోడ్పడినది అతడే. నిషినోయా దానిని జయించిన క్షణంలో ఆ విజయం ఎవరిదో తెరపై స్పష్టంగా తెలుస్తుంది. ప్రత్యర్థి జట్టు నాయకుడు కితా కూడా ఆ కోవలోనివాడే. మియా కవలల వంటి ప్రతిభ అతనికి లేదు. నాయనమ్మ నేర్పిన పద్ధతిలో ప్రతి దినం గది తుడవడం, బంతి తుడవడం, సాధన చేయడం, అంతే. మూడవ సంవత్సరంలో గాని అతనికి జట్టు చొక్కా అందలేదు. అందినప్పుడు ఏడ్చినాడు. ఆ దృశ్యంలో బొమ్మలు ఎంత బాగున్నాయో మా విద్యార్థులు గమనించినట్లు లేదు.

వాలీబాలులో చప్పట్లు స్మాషుకు. నేలకు అంగుళం ఎత్తులో బంతిని తీసినవానికి మోకాలి గాయాలు. జపాను వారికి మాత్రం ఈ రెండవ విద్యపై పాత మక్కువ ఉన్నది. 1964 టోక్యో ఒలింపిక్సులో వాలీబాల్ మొదటిసారి చేరినప్పుడు స్వర్ణం గెలిచిన వారి మహిళల జట్టుకు శిక్షకుడు దైమత్సు నేర్పినది నేలపై దొర్లుతూ బంతిని తీసి లేచే పద్ధతి. ఆ సంప్రదాయం నుండి వచ్చిన రచయిత కథానాయకునికి ఒక అద్భుతమైన స్మాషును గాక, ఒక బంతి తీయడాన్ని పట్టాభిషేకంగా ఇవ్వడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇనారిజాకితో మూడవ సెట్టు 30 పాయింట్లు దాటేవరకు సాగుతుంది. అందులో ఒకచోట ప్రత్యర్థి కొట్టిన బలమైన బంతికి హినాటా ముందే అడుగు వేసి, చేతులు చాచి, మెత్తగా లేపుతాడు. చప్పుడు లేదు. తన జట్టువారే నిర్ఘాంతపోతారు. అప్పటిదాకా వెనుక వరుసలో భారమనిపించుకొన్నవాడు, కగెయామా కదలనవసరం లేకుండా, బంతిని అతని తలపైకి పంపినాడు.

పెద్దగా చూపవలసిన ఆ క్షణాన్ని దర్శకురాలు పెద్దది చేయలేదు. ఆ ఒక్క నిగ్రహానికి చెదిరిన ముఖాలను నేను క్షమించగలను. బంతులేరిన ఎపిసోడులను దాటవేసి పోటీ మాత్రమే చూచినవారికి అది ఒక మంచి రిసీవు. ఆ ఎపిసోడులు చూచినవారికి అది వాషిజోకు చెప్పిన సమాధానం.

కరసునోకు తరువాతి ప్రత్యర్థి నెకోమా. బంతిని నేల తాకనీయకపోవడమే ఆ జట్టు విద్య. ఆ పోటీ ఈ సీజనులో లేదు. 2024 నాటి చలనచిత్రంలో ఉన్నది.