పంటి మీది మరక

నెల్లూరు సముద్రతీరమున పల్లెలు మిక్కిలి వేకువనే మేలుకొనును. వలలు భుజమున వేసికొని కడలిలోనికి పోవువారు చీకటి విడకముందే లేచి, ఇసుకలో త్రవ్విన దొరువు కడ కూర్చుండి పళ్లు తోముకొందురు. ఒకరి నోట వేపపుల్ల, మరియొకరి అరచేత బొగ్గుపొడి, వేరొకరి వ్రేలి కొనను ఉప్పు. ఇప్పటి పిల్లల చేతులలో బ్రష్షులును కనబడుచున్నవి. ముప్పది యేండ్లకు పైగా ఈ తీరపు బడులలో పని చేసిన నాకు, పిల్లలు నోరు తెరచి పద్యము చదువునపుడు పద్యముతోపాటు పళ్లనుకూడ గమనించుట అలవాటైనది. తెలుగు పండితునకు పళ్లతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. త, థ, ద, ధ, న అను అక్షరములకు దంత్యములని పేరు. పన్ను లేనిదే అవి స్పష్టముగా పలుకవు. కావున పండితునకును పళ్లతో పని కలదు.

పంటి మీది మరకలన్నియు ఒక్క తీరువి కావు. వేసవి చివర నేరేడుపండ్లు తిని వచ్చిన బాలుని నాలుకయు పళ్లును ఊదారంగున నుండును. నాలుగుమార్లు పుక్కిలించిన ఆ రంగు పోవును. టీ మరక అంత సులభముగా పోదు. పంటిపై ఎల్లప్పుడును లాలాజలము వలన నేర్పడు పలుచని పొర యొకటి యుండును. టీకి వగరు నిచ్చు టానిను అను పదార్థము ఆ పొరను పట్టుకొని, దినదినము కొంచెము కొంచెముగా పేరుకొనును. తాంబూలములోని వక్కయందును ఈ వగరు కలదు. అందుచేతనే తాంబూలప్రియుల పళ్లు ఎరుపు వదలి నలుపునకు తిరుగును. పాలు కలిపిన టీకంటె పాలు లేని టీ ఎక్కువ మరక చేయును. పాలలోని మాంసకృత్తు టానినును తనవైపు లాగుకొనుటయే ఇందుకు కారణము. మా తీరమున బంకుల వద్ద దినమునకు ఆరేడుమార్లు టీ త్రాగువారు కలరు. వారిని మానుమనిన మానరు. త్రాగినవెంటనే గుక్కెడు మంచినీళ్లు పోసికొని పుక్కిలించి ఉమ్మిన చాలును, మరక కొంత తగ్గునని మాత్రము నేను వారికి చెప్పుచుండెడివాడను. ఇందుకు ఖర్చు లేదు.

నెల్లూరు చేపల పులుసునకు లోకమున మంచి పేరు కలదు. ఆ పులుసులోని చింతపండు పళ్లపైని పింగాణి పొరను కొంతసేపు మెత్తబరచును. అట్టి సమయమున బ్రష్షుతో గట్టిగా తోమిన ఆ పొర అరుగును. కావున పులుసన్నము తిన్నవెంటనే నోరు పుక్కిలించి, అరగంటయో గంటయో కడచిన పిమ్మట తోముకొనుట మేలు.

తోముట యనగా రుద్దుట యని మనవారిలో పెక్కుమంది తలంతురు. ఇటుకపొడి, సన్నని ఇసుక, రాళ్లుప్పు వీనితో రుద్దిన ఆ దినమునకు పళ్లు మెరయును. కాని పింగాణి పొర మరల పెరుగునది కాదు. దాని క్రింద డెంటిను అను భాగము కలదు. అది స్వభావముచేతనే పసుపువన్నె గలది. పై పొర అరిగినకొలది లోని పసుపు బయటపడును. తెలుపు కోరి రుద్దినవాడు ఏండ్లు గడచినకొలది పసుపునే సంపాదించుకొనును! ఇక పాచి గట్టిపడి గారగా మారిన పిమ్మట ఏ పొడియు దానిని కదల్పజాలదు, దంతవైద్యుడే తీయవలెను. తీయించిన పళ్లు వదులగునని యొక భయము మన పల్లెలలో కలదు. నిజమునకు గారయే చిగుళ్లను చెరచి పళ్లను కదలించును.

ఇవి యన్నియు పైనుండి వచ్చు మరకలు. లోపలినుండి వచ్చు మరక యొకటి కలదు.

1998వ సంవత్సరమున ఒక బాలుడు మా బడిలో ఎనిమిదవ తరగతిలో చేరెను. వాని తండ్రి ఉదయగిరి ప్రాంతపు మెట్టరైతు. వానలు లేక చేలు ఎండిపోగా, కుమారుని చదువుకొరకు తీరమందున్న మేనమామ ఇంటికి పంపెను. బాలుని గొంతు శ్రావ్యమైనది, పద్యము చక్కగా చదువును. కాని చదువునపుడు ఎడమచేతిని నోటికి అడ్డము పెట్టుకొనును. వాని ముందరి పళ్లపై సుద్దవంటి తెల్లని చారలును, వాని నడుమ తుప్పువంటి గోధుమరంగు మచ్చలును ఉండెను. తోటి బాలురు వానికి 'గారపళ్లోడు' అని పేరు పెట్టిరి. ఒక ఉపాధ్యాయుడు తరగతిలో వానిని నిలువబెట్టి, పళ్లు తోముకొని రమ్మని ఇంటికి పంపెను. ఆనాటి సాయంకాలము బడిబావి వెనుక వాడు ఇటుకముక్కను నూరి పళ్లు రుద్దుకొనుచుండగా చూచితిని. చిగుళ్లనుండి నెత్తురు కారుచుండెను.

"అయ్యవారూ, రోజుకు మూడుమార్లు తోముచున్నాను. పోవుటలేదు" అనెను.

"నాయనా, మీ యూరిలో ఇంకెవరికైన ఇట్టి పళ్లున్నవా?" అని అడిగితిని.

వాడు కొంచెముసేపు ఆలోచించి, "మా యూరి పిల్లలందరికిని ఇట్లే యుండును, అయ్యవారూ. అక్కడ నన్నెవరును నవ్వలేదు" అనెను.

ఒక యూరి పిల్లలందరును కూడబలుకుకొని సోమరులు కాజాలరు. వారికందరికిని సమానమైనది త్రాగునీరు. ఈ విషయమున మన నెల్లూరు జిల్లా పేరు వైద్యగ్రంథములకు ఎక్కి బహుకాలమైనది. 1937లో షార్ట్ అను వైద్యుడు తన సహచరులతో కూడి, అప్పటి నెల్లూరు జిల్లాలోని మెట్టపల్లెల ప్రజల పళ్లను, ఎముకలను పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని గూర్చి ప్రకటించెను. 1948లో గార్న్‌హామ్‌తో కలసి, మలేరియా క్రిమి మానవుని కాలేయమున దాగు దశను కనుగొనిన షార్ట్ ఇతడే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు అవి అందు చేరినవి.

ఇది మనకు మాత్రమే పట్టిన పీడ కాదు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు 1901లో మెకే అను యువ దంతవైద్యుడు పోయి, అచటి పిల్లల పళ్లపై గోధుమరంగు మరకలు చూచి ఆశ్చర్యపడెను. పందిమాంసము వలన అని కొందరు, చెడ్డపాల వలన అని కొందరు ఊరివారు చెప్పిరి. ఆయన వదలక ముప్పదియేండ్లు వెదకెను. తుదకు 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నీటిలోని ఫ్లోరైడే కారణమని తేల్చెను.

రాతినేలలలో లోతుగా నున్న నీరు చిరకాలము రాళ్లతో నొరసికొని ఫ్లోరైడును కరగించుకొనును. వానలు తక్కువయైన మెట్టలో అది చిక్కబడును. తీరపు ఇసుకలో పైపైన నిలుచు వాననీటియందు సాధారణముగా అది తక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని నిపుణులు హద్దు పెట్టిరి. పసితనమున చిగుళ్లలోపల పళ్లు తయారగుచున్నపుడు ఫ్లోరైడు హద్దు మీరినచో పింగాణి పొర సరిగా కట్టదు. పన్ను మొలచునాటికే అందు లోపముండును. గోధుమరంగు తరువాత ఎక్కును. ఎనిమిదేండ్లు దాటి, పళ్లు కట్టుట ముగిసిన పిమ్మట అట్టి నీరు త్రాగినను ఈ మచ్చ రాదు, కాని ఎముకలకు హాని తప్పదు. విచిత్రమేమనగా, ఈ ఫ్లోరైడే మితముగా నున్నచో పళ్లు పుచ్చకుండ కాపాడును. అందుకే దానిని పేస్టులో కలుపుచున్నారు. బఠాణిగింజంత పేస్టు చాలును, మ్రింగక ఉమ్మవలెను.

ఇదంతయు ఆ బాలునికి విప్పి చెప్పితిని. మరునాడు తరగతిలో, వాని పేరెత్తక, నల్లబల్లపై పంటి బొమ్మ గీచి అందరికిని చెప్పితిని. వాడు అంతయు విని, బడి విడిచిన తరువాత నాయొద్దకు వచ్చి, "మా చెల్లెలికి ఇప్పుడే ఏడాది నిండినది. దానికి అసలు పళ్లింకను రాలేదు గదా, అయ్యవారూ?" అని అడిగెను.

ఆ రాత్రియే వాడు తండ్రికి ఉత్తరము వ్రాసెను. తండ్రి ఊరిలోని బోరు నీటిని, చెరువుకట్ట క్రింది పాతబావి నీటిని వేరువేరు సీసాలలో తెచ్చెను. వానిని పరీక్షకు పంపితిమి. బోరు నీరు హద్దు దాటినది. పాతబావి నీరు దాటలేదు. ఆ బావి వారి ఇంటికి అర మైలు. నీరు కాచిన ఫ్లోరైడు పోవునా యని తండ్రి అడిగెను. పోదు, నీరు ఇగిరినకొలది ఇంకను చిక్కబడును. కాచుట సూక్ష్మజీవులను చంపుటకు మాత్రమే. పటికయు సున్నమును కలిపి, తేర్చి, ఫ్లోరైడును తగ్గించు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు కనిపెట్టిరి. కాని పాళ్లు తెలిసి చేయవలసిన పని అది. తల్లి ఆ చిక్కు లేకుండ, త్రాగుటకును వంటకును పాతబావి నీరే మోయ నారంభించెను. ఆమె నిత్యము రెండు బిందెలు మోసెను.

బాలుని పళ్లు అట్లే యుండెను. దంతవైద్యులు పై పొరను సన్నముగా మెరుగుపెట్టియు, పంటి రంగు పూత వేసియు అట్టి మచ్చలను కప్పగలరు. వానికి అప్పుడు అంత తాహతు లేదు. కాని ఇటుకపొడి మానెను. సంవత్సరాంతమున పద్యపోటీలో చేయి అడ్డము పెట్టుకొనక చదివెను.

2005లో మేనమామ ఇంటి పెండ్లికి వచ్చినపుడు వాడు చెల్లెలిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. "అయ్యవారికి పళ్లు చూపించమ్మా" అనెను. ఆ పిల్ల సిగ్గుపడి, పిదప పెదవి ఎత్తి చూపెను. పైవరుసలో క్రొత్తగా మొలచిన రెండు పెద్దపళ్ల అంచున సన్నని తెల్లని గీత యొకటి యుండెను. గోధుమరంగు లేదు. అన్న చాలసేపు వానివైపే చూచుచుండెను.